ఎండితేగాని తెలియని నీలం

పోయిన వారం బాలనర్సమ్మను గోడ ముందు కూర్చోబెట్టి మనం లేచి వచ్చేశాం. చేతిలో ఈతమట్ట కుంచె. ఎదురుగా మూరెడు వెడల్పున తెల్లగా కనిపిస్తున్న కొత్త పూత. దాని చుట్టూ మూడేళ్ల కింద ఆమే కొట్టిన లేత నీలం గోడ. వారం రోజులు పాపం ఆమె అలాగే కూర్చుందంటే ఆ తప్పు నాది, ఆమెది కాదు. నిజానికి ఆమె దగ్గరున్నది రెండు గంటల పొద్దు మాత్రమే.

సంగతి మరిచిపోయినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్తాను. ఊరు కట్టంగూరుకు రెండు కోసుల దూరం, సంవత్సరం పంతొమ్మిది వందల నలభై ఆరు, మంచి ఎండకాలం. ఇల్లు రఘుపతి అనే రైతుది. ఆ తెల్ల పూత వెనక రాతిపలకతో మూసిన గూట్లో ఒక అర్జీ ఉంది. ఇక మీదట దొర గడీలో వెట్టి చేసేది లేదని నలభై రెండు మంది వేలిముద్రలు వేసిన కాగితం అది. దాన్ని నల్లగొండలో పెద్ద తాలూక్‌దారు, అంటే కలెక్టరు, చేతిలో పెట్టాలని రఘుపతి మూడు నెలలు గడప గడప తిరిగాడు. మొదటి వేలిముద్ర బాలనర్సమ్మ భర్త మైసయ్యది. గడీకి ఎలాగో వాసన తగిలింది. రఘుపతి, మైసయ్య ఇద్దరూ పది రోజులుగా ఊళ్లో లేరు. ఊరి రెండు కొసలా గడీ మనుషులు కూర్చుని ఆడవాళ్ల గంపలు కూడా దులుపుతున్నారు. పోలీసు అమీను పొద్దున్నే నార్కట్‌పల్లిలో దిగాడని, పొద్దు తిరిగేలోపు ఈ ఇంటికి సోదాకు వస్తాడని కబురొచ్చింది.

కాగితం కాల్చేస్తే పోయేదానికి ఇంత బాధెందుకని మీలో ఒకరిద్దరు ఉత్తరాలు రాశారు. కాల్చొచ్చు. కానీ గడీకి ఎదురుగా ఒకసారి వేలు పెట్టినవాడు, ఆ కాగితం పొయ్యి పాలైందని తెలిస్తే రెండోసారి పెట్టడు. గూటికి అడ్డంగా పెట్టె జరిపితే సరిపోదా అని ఇంకొకరు అడిగారు. ఈ అమీను సంగతి వారికి తెలియదు. పక్క ఊళ్లో అతను మొదట జరిపించింది పెట్టెలే, మొదట పీకించింది గోడ మీది పటాలే. పోనీ అర్రంతా సున్నం కొడదామంటే పండగ లేదు, పెళ్లి లేదు. మగవాడు కనపడకుండా పోయిన ఇంట్లో గోడలన్నీ కొత్తగా ఉంటే ఎవడికైనా అనుమానమొస్తుంది. కాబట్టి ఆ మూరెడు జాగా పాత గోడలో కలిసిపోవాలి. కలవకపోతే మైసయ్యతో మొదలుపెట్టి నలభై రెండు మందినీ పట్టుకుపోతారు.

బాలనర్సమ్మ ముందు రెండు ముంతలున్నాయి. రెండింటిలోనూ వడగట్టిన సున్నపు తేట, చారెడు గంజి. ఒకదానిలో నీలిమందు కలిపింది, తెల్లబట్టలకు పెట్టేదే. రెండోదానిలో ఏం కలిపిందో ఎవరికీ చెప్పలేదు. పైనుంచి చూస్తే రెండు ముంతల్లోనూ ఒకటే నీలం. అడ్డదిడ్డంగా మార్చి పెడితే ఆమే పోల్చుకోలేదు. సున్నం పని చేసేవాళ్లు తడి రంగును చూసి ఏ మాటా చెప్పరు. తడిమీద ముదురుగా కనిపించింది ఎండాక వెలిసిపోతుంది, ఒకలా కనిపించింది ఇంకోలా తేలుతుంది. అది ఏమిటో ఎండ చెప్పాలి, లేదా నిప్పు చెప్పాలి.

రఘుపతి తల్లి పుష్పమ్మ గడప పట్టుకుని లోపలికి వంగి చూసింది. రెండు కళ్లలోనూ పొర కమ్మిన మనిషి. మనుషులను నడకను బట్టి, గిన్నెలను చప్పుడును బట్టి పోల్చుకుంటుంది. కుంచె తగిలిన చప్పుడుకే ముంతలు రెండని తెలిసిపోయింది.

"రెండెందుకే నర్సమ్మా?"

"గోడకు మూడేండ్ల పొగ తాకింది గదమ్మా. ఏది కలుస్తదో జర చూసి కొడ్త."

"చూసుడేంది? అప్పుడు కొట్టింది నీలిమందే గద. నార్కట్‌పల్లి నుంచి మూడు పొట్లాలు తెప్పించి నీ చేతుల పెడ్తిని. కొత్త కోడలు పండే అర్ర, ఇంకోటి కలుపొద్దని మరీ మరీ చెప్తిని."

బాలనర్సమ్మ కుంచె ఈనెలు సరిచేసుకుంటూ తల వంచుకుంది. "చెప్పినవమ్మా."

"మరింకేంది? గదే కొట్టు. వాడు గుర్రం మీదొస్తడో లారీల వస్తడో, మనకు పొద్దు లేదు. నేను అరుగు మీద కూసుంట. వాడు రాంగనే కోళ్లను పిలుస్త, నీకు ఇనపడ్తది."

ఆమె కర్ర టకటకలు అరుగు దాకా పోయి ఆగాయి. ఈ ఇంట్లో బాలనర్సమ్మను అనుమానించని మనిషంటూ ఉంటే అది పుష్పమ్మే. పొలం గట్టు మీద చెంబు మరిచిపోయినా, ధాన్యం కొలిచే చోట మనిషి కావాల్సి వచ్చినా నర్సమ్మను పిలవండి అనేది. ఆ నమ్మకమే ఇప్పుడు బాలనర్సమ్మ మెడకు చుట్టుకుంది. పుష్పమ్మ చెప్పిన ముంతలో కుంచె ముంచితే అబద్ధం నిలబడుతుంది, గోడ పట్టిస్తుంది. రెండో ముంతలో ముంచితే గోడ నిలబడుతుంది.

మూలన కుంపటి కణకణలాడుతోంది. పూత తొందరగా ఆరాలని పొద్దుటి నుంచీ పెట్టిందే. బాలనర్సమ్మ రెండు కుండపెంకులు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో రంగు పూసి నిప్పు దగ్గరికి జరిపింది. ముందు అంచులు తెల్లబడ్డాయి, తర్వాత నడుమ. తడి పోయేకొద్దీ ఇప్పటిదాకా కవలల్లా ఉన్న రెండు నీలాలూ విడిపోవడం మొదలైంది. మొదటిది చాకలి ఉతికి ఆరేసిన ధోవతి రంగుకు తిరిగింది. రెండోదానిలో ఎక్కడో అడుగున రవ్వంత పచ్చదనం తేలి, గోరింక గుడ్డు రంగుకు వచ్చి ఆగింది.

"గా రెండోదే కలిసింది."

బాలనర్సమ్మ ఉలిక్కిపడి చూసింది. రఘుపతి భార్య అరుణమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఇరవై ఏళ్లుంటాయి. పోయిన వానాకాలం బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె ఇంట్లో నడుస్తున్నా చప్పుడు కాదు. ఆమె ముందుకు వచ్చి రెండో పెంకు తీసుకుంది. చెయ్యి కాలుతున్నా వదలకుండా గోడకు ఆనించి పట్టింది. గోడ మీది పొగ మరక తప్పిస్తే పెంకు ఎక్కడ ముగిసిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు.

మొదటి పెంకు పెట్టి చూసింది. అది గోడ మీద అతుకు వేసినట్టు కనిపించింది.

"అత్తమ్మ చెప్పింది నీలిమందని. నీలిమందు ఏ ముంతల ఉన్నది?"

 అబద్ధం చెప్పాలంటే ఇదే సమయం. పొగకు రంగు మారిందనొచ్చు. సున్నం తేడా అనొచ్చు. మూడేళ్లుగా బాలనర్సమ్మ ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని భయపడి ఇలాంటి జవాబులు పది తయారు చేసి పెట్టుకుంది. అడిగినప్పుడు నోటికి నిజమే వచ్చింది.

"మొదటి దాంట్ల."

"మరి రెండో దాంట్ల?"

"తుత్తం," అంది బాలనర్సమ్మ. "మైలుతుత్తం."

మైలుతుత్తమంటే ఏమిటో ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. ఎడ్ల గిట్టల్లో పుండ్లు పడితే నూరి పెడతారు. పెట్టాక చేతులు మూడుసార్లు కడుగుతారు. దాన్ని పిల్లలకు అందకుండా దూలం మీద దాస్తారు. సున్నంలో పడితే మాత్రం దానంత చక్కటి నీలం ఇంకోటి లేదు.

అరుణమ్మ పెంకును మెల్లగా కింద పెట్టింది. "అప్పుడు గూడ తుత్తమేనా?"

"అప్పుడు గూడ."

"నాలుగు గోడలా?"

"నాలుగు గోడలు."

"అత్తమ్మ ఇచ్చిన పొట్లాలేం జేసినవ్?"

"గడీకి పోయినయి." బాలనర్సమ్మ గోడ వైపు చూస్తూ చెప్పింది. "చెంగుల కట్టుకొని వస్తాంటె గడీ ముంగట దొర మనిషి ఎల్లేశం అడ్డమొచ్చిండు. దొరసాని అర్రకు నీలం తక్కువబడ్డదని చెంగు పట్టి గుంజుకున్నడు. మీ అత్తకు చెప్తె ఊకుంటదా? గడీ మీదికి పోతది. ఆమెనేం అనరు. నన్నూ మైసయ్యనూ ఎండల నిలబెట్టి వీపు మీద బండలు పెడ్తరు. తెల్లారితె నీ పెండ్లి. మీ కొట్టంల ఎడ్లకు తెచ్చిన తుత్తం కనపడ్డది, తీసి కలిపిన. తడిమీద నీలిమందు లెక్కనే ఉండె. ఎండినంక జర పచ్చ తిరిగింది. నేనొక్కదాన్నే గుర్తువట్టిన."

"నాకు చెప్పకపోతివి."

"నువ్వప్పుడు కొత్త కోడలివి."

"తర్వాత చెప్పకపోతివి." అరుణమ్మ గొంతు పెరగలేదు. "నా రామమ్మ గీ గూడు అంచు పట్టుకొనే లేసి నిలబడ్డది. గీ అంచే. నిలబడి గోడకు నోరు పెట్టేది. సున్నం వాసనకు పిల్లలు గట్లనే నాకుతరని అందరం నవ్వుకున్నం. నువ్వు గూడ ఒకనాడు చూసినవ్. చూసి దాన్ని ఎత్తుకొని బయటికి తీస్కపోయినవ్. నాకు యాదున్నది. నీకు యాదున్నదా?"

బాలనర్సమ్మకు గుర్తుంది. ఆ రోజు బిడ్డ పెదవులను కొంగుతో తుడిచి, పెరట్లో అంత చిన్న పిల్ల చేత నీళ్లు ఎలా పుక్కిలింపజేయాలో తెలియక వేలితో నాలుక కడిగింది. ఇంటికి వెళ్లి ఏడ్చింది. రేపు చెప్దామనుకుంది. రేపు దాటి ఎల్లుండి, పది రోజులు, నెల. వానలు పడ్డాక రామమ్మకు వాంతులు పట్టుకున్నాయి, మూడో రోజుకు పిల్ల లేదు. ఆ నెలలోనే ఊళ్లో కలరా గత్తర వచ్చి ఇంకో నలుగురు పిల్లలు పోయారు. వాళ్ల ఇళ్లకు నీలం రంగులూ లేవు, తుత్తమూ లేదు. తుత్తం చేసిందో గత్తర చేసిందో ఎవరు చెప్పగలరు? బాలనర్సమ్మ మాత్రం రోజుకొక తీర్పు చెప్పుకుంటూ వచ్చింది. పగలు పనిలో గత్తరే అనుకునేది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ తీర్పు నిలబడేది కాదు.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు. మైసయ్యకు గూడ చెప్పలే."

అరుణమ్మ గోడ వైపు తిరిగింది. అరచెయ్యి గోడకు ఆనించి అలాగే నిలబడింది. అరవలేదు, కొట్టలేదు. కొడితే బాగుండునని బాలనర్సమ్మకు అనిపించింది. ముంత తీసి తల మీద గుమ్మరించినా ఓర్చుకునేది. ఆ నిమ్మళాన్నే ఓర్చుకోలేకపోయింది.

"కొట్టు," అంది అరుణమ్మ.

"ఏది?"

"ఏది కలిసిందో గదే. నలభై రెండు ఇండ్లు ఉన్నయి గీ గోడెనక. నా బిడ్డ సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత అనే మాట ఎంత చల్లగా అందో విన్నది బాలనర్సమ్మ ఒక్కతే. ఆమె రెండో ముంతలో చిటికెడు దీపం మసి కలిపింది, మూడేళ్ల పొగ రావాలి కదా. పని తెలిసిన చేతులు. మొదటి పూత పలచగా లాగి కుంపటిని గోడ దగ్గరికి జరిపింది. ఆరగానే రెండో పూత అడ్డంగా. అంచులో గీత కనిపించకుండా తడిగుడ్డతో అద్ది పాత రంగులోకి లాగింది. పైభాగం ఆరుతూ ఆరుతూ కళ్ల ముందే గోడలో కలిసిపోయింది. నడుమ కూడా కలిసింది. కింద నాలుగు వేళ్ల మేర మాత్రం నేల చెమ్మకు ఇంకా ముదురుగానే ఉంది. కుంపటి ఇంకా దగ్గరికి జరపబోయింది.

బయట పుష్పమ్మ గొంతు వినిపించింది. "క్కొక్కొక్కొ... రాండ్రి, గింజలు తిందురు రాండ్రి."

అరుణమ్మ కుంపటి ఎత్తుకుని వంటింట్లో పెట్టి వచ్చింది. ముంతలు దాచే సమయం లేదు. బాలనర్సమ్మ చేతులకు మోచేతుల దాకా సున్నం ఉంది. ఆమె లేచి నిలబడేసరికి అమీను గడప దగ్గర ఉన్నాడు.

మీరు మీసాలు మెలేసి బూతులు తిట్టే అమీనును ఊహించుకుని ఉంటారు. అలాంటివాడైతే ఇంత భయం ఉండేది కాదు. ఇతను నలభై ఐదేళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు, చెప్పులు గడప బయట విడిచి లోపలికి వస్తాడు. వెనక ఇద్దరు జవాన్లు, వాళ్ల వెనక దారి చూపడానికి వచ్చిన గడీ మనిషి ఎల్లేశం. ముందర గింజలు పోసే అర్ర చూశారు, వంటిల్లు చూశారు. పెట్టెలు తెరిచి బట్టలు ఒక్కొక్కటే విదిలించారు. తర్వాత ఈ అర్రకు వచ్చారు.

"ఈ కమ్రా ఎవరిది?"

"నాదే," అంది అరుణమ్మ.

"చూనా వాసన వస్తున్నది."

ఆ మాట అంటూనే సున్నపు ముంతలను చూశాడు. అమీను అరచెయ్యి గోడకు ఆనించి మెల్లగా నడవసాగాడు. ఒక గోడ, రెండు గోడలు. మూడో గోడ దగ్గరికి వచ్చాడు. అతని చెయ్యి కొత్త పూత మీదుగానే పోయింది, కళ్లు కూడా పోయాయి, ఏమీ కనిపించలేదు. బాలనర్సమ్మ ఊపిరి వదలబోయింది. అప్పుడతను ఆగి, వెనక్కి వచ్చి, వంగి, కిందివైపు వేలు పెట్టాడు. వేలి కొసకు నీలం అంటింది.

"గీలా హై," తడిగా ఉందని జవాన్లతో అన్నాడు. ఆ వేలిని చూస్తూనే అడిగాడు. "ఈమె ఎవరు?"

ఎల్లేశం ముందుకు వచ్చాడు. "మైసయ్య పెండ్లాం సాబ్. సున్నం కొట్టేది."

"మైసయ్య." అమీను ఆ పేరును నెమ్మదిగా పలికాడు. "ఇల్లంతా పాత చూనా. ఇక్కడొక్క జాగాల కొత్తది. ఎందుకమ్మా?"

బాలనర్సమ్మ నోరు తెరిచింది. ఏ మాట మొదలుపెట్టినా అది గూటి దాకా పోయేలా ఉంది. ఒక జవాను అప్పటికే తుపాకీ మడమతో గోడను తట్టడానికి వంగుతున్నాడు. మన్నుగోడకు ఒక చప్పుడు, రాతిపలకకు ఇంకో చప్పుడు. ఆ తేడా చెవిటివాడికి కూడా తెలుస్తుంది.

"నేను చెప్త సాబ్," అంది అరుణమ్మ.

జవాను ఆగాడు.

"నాకు పది నెలల బిడ్డ ఉండె. పోయిన వానకాలం సచ్చిపోయింది. గాడనే నిలబడేది, గాడనే గోడ నాకేది." ఆమె ముందుకు వచ్చి పూత మీద వేలు పెట్టి చూపించింది. "మూడేండ్ల కింద గీమెకు నీలిమందు ఇచ్చి కొట్టుమంటె, ఎవరికి చెప్పకుండ మైలుతుత్తం కలిపి కొట్టింది. నాకు గియ్యాలనే తెలిసింది. నా బిడ్డ నోరు పెట్టిన జాగా నా కండ్ల ముందు గీకించిన. మల్ల నీలిమందు కొట్టిపిస్తున్న. గదీ సంగతి."

 అమీను గోడ వైపు చూశాడు, ముంతల వైపు చూశాడు.

"ఇది నీలిమందు, అది తుత్తం అంటున్నవు. రెండూ ఒక్క తీరే ఉన్నయి గద."

"గందుకే సాబ్," అంది అరుణమ్మ. "గందుకే మాకు మూడేండ్లు తెల్వలే."

ఈ మాటతో ఆమె గొంతు మొదటిసారి పగిలింది. నటన అయితే అంత బాగా ఎవరూ చేయలేరు. నటన కాదు గనుకనే అమీను నమ్మాడు. జవానుకు సైగ చేశాడు. జవాను తుపాకీ దించి బాలనర్సమ్మ కొంగు పట్టి లాగాడు. ముడి విప్పితే మిగిలిపోయిన తుత్తం పలుకులు నేల మీద రాలాయి. అమీను ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"జహర్, విషం," అన్నాడు.

అప్పుడే గడప దగ్గర కర్ర చప్పుడైంది. పుష్పమ్మ అంతా విన్నది.

"అబద్ధం సాబ్," అంది ఆమె. "నా కోడలు బిడ్డ దుఃఖంల ఏదేదో మాట్లాడ్తాంది. నీలిమందు నేనే తెప్పించిన. నా చేత్తో ఇచ్చిన. నర్సమ్మ గట్ల చేసే మనిషి కాదు. గీ గోడకు తుత్తం లేదు, ఏం లేదు. నేను చెప్తున్న."

చూడండి ఆ ముసలమ్మ ఏం చేసిందో. ఆమెకు తెలిసినదంతా నిజమే చెప్పింది. ఆమె చెప్పింది నిజమైతే కోడలు చెప్పింది కట్టుకథ. కట్టుకథ ఐతే ఆ మూరెడు జాగా ఎందుకు తడిగా ఉంది? అమీను ముఖంలో అదే ప్రశ్న మళ్లీ మొదలైంది. జవాను మళ్లీ తుపాకీ మడమ వైపు చెయ్యి పోనిచ్చాడు.

బాలనర్సమ్మ ఎల్లేశం వైపు చూసింది. నీలిమందు గుంజుకున్న చెయ్యి అక్కడే ఉంది, ద్వారబంధం పట్టుకుని. వాడు కళ్లు పైకి తిప్పి దూలాలు లెక్కపెడుతున్నాడు. తర్వాత అరుణమ్మ వైపు చూసింది. అరుణమ్మ చూపు కలపలేదు.

ఇక మిగిలింది ఆమె మాట ఒక్కటే. కాదంటే గోడ పగులుతుంది, మైసయ్య పోతాడు. అవునంటే తను పోతుంది. మూడేళ్లుగా గొంతులో పెట్టుకుని తిరిగినదాన్ని, తనను ఎవరికంటే ఎక్కువగా నమ్మిన మనిషి ముఖం మీదే చెప్పాలి.

"కాదమ్మా," అంది పుష్పమ్మతో. "తుత్తమే కొట్టిన."

"నర్సమ్మా."

"నువ్విచ్చిన పొట్లాలు కొట్టలే. తుత్తం కలిపి కొట్టిన. పిల్ల గోడ నాకుతుంటె చూసిన. చూసి గూడ చెప్పలే." ఆమె అమీను వైపు తిరిగింది. "అరుణమ్మ చెప్పింది నిజం సాబ్. నేనే."

పుష్పమ్మ తిట్టలేదు. కర్ర చేతిలోంచి జారింది. గడప మీదే కూలబడి, నర్సమ్మ ఎటువైపుందో తెలియక గాలిలోకి చూస్తూ, "నా చేత్తోటిస్తి గదనే, నా చేత్తోటిస్తి గదనే" అని అదే మాట అంటూ ఉండిపోయింది. బాలనర్సమ్మ ఆమె కాళ్ల దగ్గరికి పోబోతే జవాను రెక్క పట్టి ఆపాడు.

అమీను ముఖం తేటపడింది. కాగితం కోసం వచ్చినవాడికి కాగితం దొరకలేదు. దానికి బదులు మైసయ్య పెళ్లాం పది నెలల పిల్లను చంపానని నలుగురి ముందు ఒప్పుకున్న కేసు దొరికింది. భార్యను కచేరీలో పెడితే మైసయ్య ఎక్కడున్నా తనంత తానే వస్తాడని అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. బాలనర్సమ్మ సున్నపు చేతులను తాడుతో కట్టించాడు. రెండు ముంతలనూ విడివిడిగా గుడ్డ కట్టి తీసుకోమన్నాడు.

తనను గడప దాటిస్తున్నప్పుడు బాలనర్సమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగింది. అరుణమ్మ ఆ మాట కాగితాన్ని కాపాడటానికి అన్నదా, బిడ్డ కోసం అన్నదా? ఆమె ముఖంలో ఆ జవాబు వెతికింది. దొరకలేదు. అరుణమ్మ చేతులు కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది. గోడ దక్కింది, కనీసం గోడైనా దక్కింది అనుకుని బాలనర్సమ్మ మెట్లు దిగింది.

అమీను ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. చెప్పులు తొడుక్కుంటూ జవాన్లకు నిదానంగా ఉర్దూలో ఏదో చెప్పాడు. అరుణమ్మకు సగమే అర్థమైంది. ఎల్లేశం మిగతా సగం తెలుగులో చెప్పాడు.

"గీ అర్రకు తాళమేసి లక్క మొహరు పెడ్తరంట. ఎవలు లోపలికి పోవద్దు. ఇద్దరు జవాన్లు గీడనే కూసుంటరు. ఖూనీ కేసు గదమ్మా, సాక్ష్యం గావాలె. రేపు పొద్దుగాల నల్లగొండ దవాఖాన నుంచి డాక్టరు సాబ్ వస్తడంట, గోడ లోపలి దాక గీకి తుత్తం ఉన్నదో లేదో చూస్తడంట."

అరుణమ్మ మూడో గోడ వైపు తిరిగింది.

"యాడ గీకాలె అని అడిగిండు సాబ్," అన్నాడు ఎల్లేశం. "నేను చెప్పిన, నువ్వు వేలు పెట్టి చూపిచ్చిన కాడనే అని."